ఇరవై రెండో వంతు ఏడుపు

మట్టెవాడ బట్టల దుకాణాల వెనక ఆ గల్లీలో ఇరవై రెండు ఇళ్లు. తెల్లారితే వాకిళ్లు ఊడ్చుకుంటారు, నల్లా దగ్గర కాసేపు ముచ్చట్లు పెట్టుకుంటారు, ఎవరి పనికి వాళ్లు పోతారు. అక్కడ ఒకరికి నొప్పో దుఃఖమో వస్తే అది ఇంటింటికీ సమానంగా పంచుకుపోతుంది. సదానందం పన్ను పీకించుకున్న రోజు గల్లీ మొత్తానికి దవడ కాస్త జివ్వుమంది. సదానందం మాత్రం ఆ సాయంత్రమే మిర్చిబజ్జీలు తిన్నాడు. ఆ గల్లీలో ఇల్లు ఖాళీ అవుతోందని వాట్సాప్‌లో పుకారు పుడితే చాలు, హన్మకొండ నుంచి కూడా జనం పరుగెత్తుకొస్తారు. అందరూ సుఖంగా ఉండే చోటు లోకంలో ఉంటుందా అని వాదించుకునే పెద్దమనుషులను ఒక్కసారి అటు తీసుకుపోవాలి.

మొన్న ఆషాఢంలో కళావతి కూతురు మానస జ్వరంతో పోయింది. పందొమ్మిదేళ్ల పిల్ల. కళావతికి ఇంకెవరూ లేరు, తల్లీబిడ్డలు జాకెట్లు కుట్టుకుని బతికారు. శవం లేచినప్పుడు గల్లీలో ప్రతి ఒక్కరూ కళ్లు తుడుచుకున్నారు. కళావతి కూడా వాళ్లలాగే ఒకసారి తుడుచుకుంది.

మూడోనాడు పిట్టకు పెట్టారు. మానసకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి ముట్టాక అందరూ తినడానికి కూర్చున్నారు. రెండో ముద్ద నోట్లో పెట్టుకుని కళావతి, "కూరల ఉప్పు జర తక్కువైంది" అంది.

ఎవరూ ఏమీ అనుకోలేదు. వడ్డించే ఆవిడ ఉప్పు తెచ్చింది. కళావతి మాత్రం తినడం ఆపేసింది. బిడ్డ పోయి మూడు రోజులైనా కాలేదు, తనకు నోటి రుచి తెలుస్తోంది. ఎంత పాపిష్టి తల్లిని అనుకుంది. ఆ బాధ కూడా నిలవలేదు, ఇంటింటికీ వెళ్లిపోయింది.

చెయ్యి కడుక్కుని, గల్లీకి పెద్దవాడైన మొగిలయ్య ముందు నిలబడింది.

"కాకా, నా ఏడుపు నాకియ్యుండ్రి."

"మా చేతుల ఏమున్నది బిడ్డా? ఒక్కదానివి మోయలేవనే కదా అందరం మోస్తున్నం."

"మీరు మోస్తే నాకేం మిగిలింది? దానికోసం ఏడ్వనీకి నేను గాక ఎవలున్నరు?"

"ఫికర్ చెయ్యకు. నాలుగు దినాలైతే సర్దుకుంటది."

"సర్దుకుంటదనే నా భయం" అంది కళావతి.

మరునాడు పొద్దున రోడ్డుకు అవతల ఒక గది మాట్లాడుకుంది. కుట్టుమిషన్ ఆటోలో వేయించి తను వెనక నడిచింది. చివరి ఇల్లు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి, అన్ని ఇళ్లలోంచీ ఆమె దుఃఖం ఆమెను వెతుక్కుంటూ వచ్చేసింది. అవతలి అంచున దుమ్ములో కూలబడింది. "మానసా" అని ఆమె పెట్టిన కేకకు పోయే బండ్లు ఆగిపోయాయి.

గల్లీ జనమంతా రోడ్డు దాకా వచ్చారు. మొగిలయ్య ఇవతలి నుంచే చెయ్యి చాపాడు.

"వాపస్ రా బిడ్డా. నాలుగడుగులేస్తే తగ్గుతది."

"రాను కాకా" అంది ఏడుస్తూనే. "నా బిడ్డ నాకు ఇప్పుడే దొరికింది."

మానసను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పింది మొగిలయ్యే. ఆ పిల్ల కోసం తనూ అలా ఏడవాలనిపించింది. రోడ్డు మీదికి ఒక కాలు చాపాడు. ఇన్నేళ్లుగా ఇంటింటికీ పంచిన తన దుఃఖాల్లో ఏది ముంచుకొస్తుందోనని భయమేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.