ఐదుగురికే అనుమతి

నేను బస్సు కండక్టర్ని. తలలు లెక్కపెట్టడం నా ఉద్యోగం. బస్సులోనే కాదు, పెళ్ళిళ్ళలో, ఆసుపత్రి వరండాల్లో కూడా నా కళ్ళు వాటంతటవే లెక్కపెట్టేస్తాయి. కరోనా వచ్చాక సీటుకొక్కరే. ఎక్కువైనవాళ్ళను దించీ దించీ మూడు నెలల్లో గొంతు బొంగురుపోయింది. అందుకే దొరక్క దొరికిన ఆ సెలవు రోజున నాకున్నది ఒకటే కోరిక. అందరితోపాటు కూర్చుని తినాలి.

ఇంట్లోవాళ్ళతో కలిపి ఒక ఇంట్లో ఐదుగురికి మించకూడదని ఉత్తర్వు. భోజనానికి పిలిచేటప్పుడు దాన్ని తు.చ. తప్పకుండా పాటించానంది అత్తయ్య. తీరా మధ్యాహ్నం అత్తయ్యా నేనూ వంట ముగించాక వంటింటి గుమ్మంలోంచి చూస్తే, మామయ్య, మా ఆయన, ఆడపడుచు, ఆమె భర్త, మామయ్య పేకాట స్నేహితుడు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆ పెద్దమనిషి తుమ్మొచ్చినప్పుడు మాత్రమే మాస్కు కిందికి లాగుతాడు. లేకపోతే తడిసిపోతుందట.

"అత్తయ్యా, మనం ఏడుగురం ఉన్నాం."

"ఐదుగురే కదమ్మా!" ఆవిడ ఒక్కో వేలూ ముడిచి చూపించింది. "నువ్వెలాగూ వంటింట్లోనే ఉంటావుగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి మీరో?"

అత్తయ్య మళ్ళీ బొటనవేలి నుంచి మొదలుపెట్టింది. చిటికెనవేలి దగ్గర ఆగిపోయింది.

"అయ్యో, నన్ను నేనే మర్చిపోయానే!"

"ఇంటి ఆడవాళ్ళని కూడా లెక్కేస్తారా ఎక్కడైనా?" మామయ్య నవ్వారు. స్నేహితుడు నవ్వబోయి తుమ్మాడు. మా ఆయన కంచంలోకి తల దూర్చేశాడు.

"అయితే ఎక్కువైనవాళ్ళు దిగిపోతారు," అని కంచం నిండా వడ్డించుకుని వెళ్ళి వీధి మెట్ల మీద కూర్చున్నాను. ఉక్రోషంతో మొదటి ముద్ద గొంతు దిగలేదు. రెండోది బాగానే దిగింది.

ఇంతలో అత్తయ్య కూడా కంచం పట్టుకుని వచ్చింది. దూరం చూసుకుని పైమెట్టు మీద చతికిలబడింది. ఆవిడ కంచంలో చెయ్యి పెట్టిందో లేదో, లోపల్నుంచి "మంచినీళ్ళేవీ?" అని మామయ్య కేక. అత్తయ్య అలవాటుకొద్దీ లేవబోయింది.

"కూర్చోండి అత్తయ్యా. మీరెళ్తే ఆరుగురవుతారు."

ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి కూర్చుంది. ఉదయమంతా పొయ్యి దగ్గర నిలబడి వండిన కూర కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆశ్చర్యంగా నావైపు చూసింది.

"ఇదేంటే, నా కూర వేడిగా తింటే ఇలా ఉంటుందా?"