కుర్చీలు నింపే ఉద్యోగం

డిగ్రీ చేతికొచ్చిన మొదటి ఏడాది ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే, పెద్దమ్మాయి "ప్రయత్నాల్లో ఉన్నానండీ" అని ఉత్సాహంగా చెప్పేది. రెండో ఏడాది "చూస్తున్నానండీ" దగ్గర ఆగింది. మూడో ఏడాదికి ఆ ప్రశ్న అడిగే మొహం దూరంగా కనబడితే చాలు, చటుక్కున పక్క వీధిలోకి తిరిగిపోయేది. కాలేజీలో ఏం నేర్చుకుందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు గానీ, ఊళ్లో ఏ సందు ఎక్కడ తేలుతుందో మాత్రం కంఠతా వచ్చేసింది.

తండ్రి దర్జీ. ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను. ఇంటర్వ్యూలకి వెళ్లే కుర్రాళ్లందరూ ఆయన దగ్గరే చొక్కాలు కుట్టించుకునేవాళ్లు. వాళ్లకి ఉద్యోగాలొచ్చేవి, ఒళ్లొచ్చేది, చొక్కాలు బిగుతయ్యేవి. వదులు చేయించుకోడానికి మళ్లీ వచ్చి, "పెద్దమ్మాయి ఇంకా ఇంట్లోనేనా?" అని పరామర్శించి పోయేవాళ్లు. ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఊఁ అనేవాడు. ఆ సూదులు కుట్టుపనికి ఎంత అవసరమో, ఆ ప్రశ్నకి జవాబు తప్పించుకోడానికీ అంతే అవసరం.

ఇలా ఉండగా ఒక రోజు పేపర్లో నాలుగు ముక్కల ప్రకటన పడింది. ఆఫీసు పని. డిగ్రీ ఉండాలి. అనుభవం అక్కర్లేదు. ఓపిగ్గా కూర్చోగలగాలి.

ఆ ఆఫీసు ఒక పాత భవనంలో మూడో అంతస్తు. లోపల పొడుగాటి హాలు, గోడవారగా ముప్ఫై కుర్చీలు, కుర్చీకొకరు, ఒళ్లో ఫైళ్లు. కిటికీల్లేవు. హాలు చివర ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు, దాని మీద కరెంటు గంట. గంట మోగితే ఒకరు లేచి లోపలికి వెళ్తున్నారు, కాసేపటికి మొహం వేలాడేసుకుని బయటికొస్తున్నారు. ఒక్క కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. ఆమె వెళ్లి అందులో కూర్చుంది.

మాట్లాడింది పెద్ద గుమస్తా. కళ్లజోడుకి తాడు కట్టి మెళ్లో వేసుకున్న ముసలాయన. ఆయన ఆమె మార్కుల జాబితా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"మీ పని కూర్చోవడమే అమ్మా."

"ఎక్కడండీ?"

"ఇందాక కూర్చున్నారే, అక్కడే. మనుషుల్ని ఎంచిపెట్టమని కంపెనీలు మాకు అప్పగిస్తాయి. అసలు మనిషి వచ్చేసరికి హాలు ఖాళీగా ఉందనుకోండి, వాడికి బెట్టు ఎక్కువైపోతుంది. అదే కిక్కిరిసి ఉంటే, దక్కిందే మహాభాగ్యం అనుకుని ఎంతిచ్చినా చేరతాడు. మీరు ఉద్యోగానికి వచ్చినట్టు కూర్చోవాలి. పొద్దున్నే ఒక కాగితం ఇస్తాం. ఆ రోజుకి మీరెవరో అందులో ఉంటుంది. లోపలికి పిలిచినప్పుడు అదే చెప్పాలి. బయటికొచ్చేటప్పుడు మొహం దిగాలుగా ఉండాలి."

"అది మాత్రం నాకు బాగా అలవాటేనండీ," అంది పెద్దమ్మాయి.

ఆయన నవ్వలేదు. జీతానికి కూర్చునే మనిషి అని అచ్చువేసిన చిన్న చీటీ ఒకటి ఇచ్చి ఫైల్లో పెట్టుకోమన్నాడు. పక్కవాళ్లతో మాట్లాడకూడదు. ఎవరినీ గుర్తుపట్టకూడదు. ఇంట్లో చెప్పకూడదు. ఏడాది నిలబడితే లోపలి గదిలో పని ఇస్తారు.

సిగ్గుపడాల్సిన ఉద్యోగమని ఆమెకి తెలియకపోలేదు. కానీ మూడేళ్లు చెప్పులరిగేలా తిరిగిన మనిషికి సిగ్గు కూడా అరిగిపోతుంది. ఇంటికెళ్లి, "సెలక్షన్ సెక్షన్లో ఉద్యోగం నాన్నా" అని చెప్పింది. ఆయన నోట్లో సూదులు తీసి పక్కన పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్లి ఊరంతా టాంటాం వేసొచ్చాడు. ఆ రాత్రి అందరూ తృప్తిగా భోంచేశారు. ఇంకో రెండేళ్లలో డిగ్రీ అయిపోయే చెల్లెలు చిన్ని, "నన్ను కూడా మీ ఆఫీసులోనే వేయించాలక్కా" అని మెడకి వేలాడింది.

పని తేలిగ్గానే పట్టుబడింది. కాగితాలు రోజుకో రకంగా ఉండేవి. ఒక రోజు బడిపంతులు కూతురు, ఇంకో రోజు అన్నల దగ్గర పెరిగిన పిల్ల, మరో రోజు పరీక్ష తప్పి మళ్లీ కట్టి పాసైన అమ్మాయి. గంట మోగగానే లేచి వెళ్లేది. బల్ల వెనక ముగ్గురు కూర్చుని ఉండేవాళ్లు. మీ గురించి చెప్పండి, ఇంట్లో ఎవరెవరున్నారు, ఈ ఉద్యోగం మీకెందుకు. అడిగేవి ఎప్పుడూ ఆ మూడే. జవాబూ ఎప్పుడూ ఒకటే, "సరే, కబురు చేస్తాం". ఆమె తలొంచుకుని బయటికొచ్చి తన కుర్చీలో కూర్చునేది. నెల తిరిగేసరికి ఆ ముగ్గురూ ఆమె వైపు మెచ్చుకోలుగా చూడటం మొదలుపెట్టారు. చెప్పొద్దూ, ఆమెకి గర్వంగానే ఉండేది.

ఆరో నెలలో కళ్లు మంటలు పుట్టాయి. ఆదివారం తండ్రి తోడొచ్చి కళ్లాసుపత్రికి తీసుకెళ్లాడు. చీటీలు రాసే ఆవిడ వయసు అడిగింది, అడ్రసు అడిగింది, "తండ్రి పేరమ్మా?" అంది.

"నాన్న లేరండీ. నా చిన్నప్పుడే పోయారు," అంది పెద్దమ్మాయి.

తడుముకోలేదు. గొంతు కూడా తగినంత బరువుగానే పలికింది. చీటీల ఆవిడ జాలిగా తలెత్తి చూసింది. పెద్దమ్మాయి వెనక, ఆమె సంచీ పట్టుకుని, ఆ తండ్రి నిలబడి ఉన్నాడు.

"ఇంకా పోలేదులేమ్మా, రాసుకోండి," అని ఆయన నవ్వాడు. చీటీల ఆవిడా నవ్వింది. పెద్దమ్మాయి మాత్రం నవ్వలేకపోయింది. ఆ వారం ఇచ్చిన కాగితాలన్నింట్లోనూ ఆమెకి తండ్రి లేడు. అది నిజమే. కానీ ఆ క్షణంలో కాగితం గుర్తొచ్చి చెప్పిన మాట కాదది. నిజంగానే లేడనుకుంది. బస్సులో తండ్రి ఇల్లు చేరేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు ఆమె హాల్లో కుదురుగా కూర్చోలేకపోయింది. ఎడమ పక్క కుర్చీలో ఎప్పుడూ ఒక పొడుగాయన కూర్చునేవాడు. చేతిరుమాలు పిండితే నీళ్లు కారేంత చెమట, మోకాళ్లలో వణుకు. ఇంత భయపడేవాడు అసలు అభ్యర్థే అయ్యుంటాడు, పాపం ఎన్నాళ్ల నుంచి తిప్పుతున్నారో అని ఆమెకి జాలేసింది. పెదవులు కదలకుండా గొణిగింది. "ఇక్కడ ఉద్యోగం లేదండీ. ఇంటికెళ్లిపోండి. నేను జీతానికి కూర్చున్నదాన్ని."

పొడుగాయన వణుకు ఠక్కున ఆగింది. ఆమె వైపు తిరక్కుండానే ఫైలు తెరిచి లోపలి చీటీ చూపించాడు. అదే చీటీ. అదే అచ్చు.

అటు పక్కావిడ ఇది చూసింది. తన ఫైలు తెరిచింది. ఆ పక్కవాడూ తెరిచాడు. ఒకరి తర్వాత ఒకరుగా గోడ పొడుగునా ముప్ఫై ఫైళ్లూ తెరుచుకున్నాయి. ప్రతి దాంట్లోనూ చీటీ ఉంది. ఇన్నాళ్లూ ప్రతివాళ్లూ మిగతా ఇరవై తొమ్మిది మందిని చూసి జాలిపడుతూ కూర్చున్నారన్నమాట. ఇంతలో గంట మోగింది. ముప్ఫై ఫైళ్లూ మూసుకున్నాయి. ఎవరి వంతో వాళ్లు లేచి లోపలికి వెళ్లారు.

మరి లేచిపోవచ్చుగా అంటారు మీరు. జీతాలు ఒకటో తారీఖున ఠంచనుగా వస్తున్నాయి. మానేస్తే మళ్లీ వీధులు మారుతూ తిరగాలి. ఆ ముప్ఫై మందిలో ఆ పని మళ్లీ చెయ్యగల ధైర్యం ఎవరికీ లేదు, పెద్దమ్మాయికి అసలే లేదు.

సాయంత్రం పెద్ద గుమస్తాని మాత్రం నిలేసింది. "అసలు వాళ్లు ఎప్పుడొస్తారండీ?"

"వస్తూనే ఉన్నారు కదమ్మా," అన్నాడాయన తాళాలు వేసుకుంటూ. "మీరు వచ్చారు. మీ పక్కనున్నాయన వచ్చాడు. ఉత్తినే కూర్చోడానికి ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. అందరూ ఉద్యోగానికే వచ్చారు."

ఏడాది నిండగానే మాట ప్రకారం ఆమెని లోపలి గదిలోకి మార్చారు. ఇప్పుడు బల్ల వెనక ఆమె, ఒక బట్టతలాయన, ఒక కళ్లజోడావిడ. వాళ్లిద్దరూ ఒకప్పుడు బయట కూర్చున్నవాళ్లేనట. అడగాల్సిన మూడు ప్రశ్నలూ బల్లకి అతికించి ఉన్నాయి. వచ్చినవాళ్ల కాగితం నకలు ఆమె ముందుండేది. వాళ్లు అందులో ఉన్నది తప్పకుండా చెబుతున్నారో లేదో చూసుకోవాలి. ఎవరూ తప్పేవాళ్లు కాదు.

ఇంకో ఏడాది గడిచింది. చిన్ని పరీక్షలు పాసైంది.

ఒక మంగళవారం గంట మోగితే గదిలోకి వచ్చింది చిన్ని. తండ్రి కొత్తగా కుట్టిన తెల్ల చొక్కా వేసుకుంది, కుట్టు దగ్గర సుద్దగీత ఇంకా చెరగలేదు. అక్కని ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా వచ్చినట్టుంది. కళ్లలో నవ్వు ఆపుకుంటూ చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె చేతిలో ఇంకా కాగితం లేదు. ఫైల్లో ఇంకా చీటీ లేదు. పెద్దమ్మాయి ఒకటే అనుకుంది. ఈ ఒక్కదాన్ని ఈ తలుపులోంచే వెనక్కి పంపించాలి. ఇంకేమైనా పోనీ, తన ఉద్యోగం పోయినా పోనీ.

"మీ గురించి చెప్పండి," అన్నాడు బట్టతలాయన.

"చెప్పకు," అంది పెద్దమ్మాయి. "ఇక్కడ ఉద్యోగం లేదు. బయట కూర్చున్నవాళ్లందరూ జీతానికి కూర్చున్నవాళ్లు. నిన్నూ అక్కడే కూర్చోబెడతారు. కొన్నాళ్లకి నువ్వెవరో నీకే తెలియకుండా పోతుంది. ఇంటికెళ్లిపో."

తలుపు తెరిచే ఉంది. మాటలన్నీ హాల్లోకి వినబడ్డాయి. ఒక్క కుర్చీ కూడా కిర్రుమనలేదు.

చిన్ని కళ్లు మెరిశాయి. నిటారుగా నిలబడి గడగడా చెప్పేసింది. "థాంక్యూ మేడమ్. ఇంటర్వ్యూలో మొదట ఇలాగే బెదరగొడతారని, వెళ్లిపొమ్మంటే వెళ్లకూడదని కోచింగులో చెప్పారు మేడమ్. ఎంత కష్టమైనా నేను కూర్చుంటాను."

"మంచి జవాబు," అంది కళ్లజోడావిడ. బట్టతలాయన ముందే కాగితం మీద టిక్కు కొట్టేశాడు. పెద్దమ్మాయిని ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా ఆయన ఆమె వైపు వంగి, "బాగా పరీక్షించారు" అన్నాడు.

ఇంటికెళ్లాక చిన్నిని పెరట్లోకి లాక్కెళ్లి మళ్లీ చెప్పింది. ఈసారి ఏడ్చింది కూడా.

"నీకు దొరికితే ఉద్యోగం, నాకు దొరికితే మాయానా?" చిన్ని చెయ్యి విడిపించుకుంది. "నేను కూడా ఇంట్లోనే కూర్చుని వీధులు మారాలా అక్కా? ఓర్వలేకపోతే ఓర్వలేనని చెప్పు."

ఇక మిగిలింది తండ్రి. పెద్దమ్మాయి ముందు గది గుమ్మం దాకా వెళ్లింది. ఆయన మిషను దగ్గర కూర్చుని, చొక్కా వదులు చేయించుకోడానికి వచ్చినవాడితో అంటున్నాడు. "ఇద్దరూ ఒకే ఆఫీసులోనండీ. అక్కే ఇంటర్వ్యూ చేసిందట!" ఇప్పుడు నిజం చెప్పాలంటే రెండేళ్ల అబద్ధం కూడా ఒప్పుకోవాలి. ఆమె గుమ్మంలోంచే వెనక్కి వచ్చేసింది. ఆ రాత్రి తనని తాను తిట్టుకుంది. అయినా తెల్లారి అదే బస్సులో, చెల్లెలితో పాటే ఆఫీసుకి వెళ్లింది.

చిన్ని అక్కకంటే గట్టిది. రెండు వారాల్లోనే పని పట్టేసింది. మొదట్లో బల్ల ముందుకి వచ్చినప్పుడు పెదవి చివర చిన్న నవ్వు కనబడేది, ఎలా చెబుతున్నానో చూడు అన్నట్టు. ఆ నవ్వు కోసమే పెద్దమ్మాయి పొద్దుటి నుంచీ ఎదురుచూసేది. తర్వాత్తర్వాత అది సన్నబడింది. ఇంట్లో కూడా చిన్ని మాటలు తగ్గించింది. బస్సులో వేరే సీట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. అడిగితే, "ఎవరినీ గుర్తుపట్టకూడదు కదా" అనేది.

అయిదో నెలలో ఒక రోజు గంట మోగింది. చిన్ని వచ్చి నిలబడింది. పెద్దమ్మాయి ముందున్న కాగితం చూసుకుంది. తండ్రి దర్జీ, తల్లి, ఒక అక్క. కాగితాలు రాసేవాడికి కొత్త కథలు అయిపోయాయో ఏమో, ఆ రోజు ఉన్నదున్నట్టు రాసేశాడు. చదవగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఇవాళ అది తమ ఇంటి గురించే చెబుతుంది, తన గురించే చెబుతుంది.

"ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగింది.

"నాన్న దర్జీ అండీ. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. నేను ఒక్కదాన్నే."

పెద్దమ్మాయి కాగితం మళ్లీ చూసుకుంది. ఒక అక్క అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. ఈ గదిలో ఇంతవరకూ ఎవరూ కాగితం తప్పి చెప్పలేదు. తలెత్తి చెల్లెలి మొహంలోకి చూసింది. పెదవి చివర వెతికింది, కళ్లలో వెతికింది.

"అక్కలెవరూ లేరా?" ముందుకి వంగింది. "బాగా ఆలోచించి చెప్పు."

చిన్ని నుదురు ముడేసి నిజంగానే ఆలోచించింది. ఎదుటి మనిషి ఎందుకు కళ్లనీళ్లు పెట్టుకుంటోందో అర్థంకాక, కాస్త జాలిగా కూడా చూసింది.

"లేరండీ," అంది.

బట్టతలాయన గడియారం చూసుకున్నాడు. బయట ఇరవై తొమ్మిది మంది వంతు కోసం కూర్చుని ఉన్నారు. పెద్దమ్మాయి కళ్లు తుడుచుకుని, కాగితం తిరగేసి పక్కన పెట్టింది.

"సరే," అంది. "కబురు చేస్తాం."