అడుగున పెట్టిన స్లైడు

రక్తపరీక్షల గదిలో అతనికిది పదకొండో ఏడు. బావ పెట్టిన పేరు దోమ. "జనం రక్తంతో బతికేవాణ్ణి ఇంకేమంటారు?" అని ఒకసారి పదిమందిలో అన్నాడు. అతను చేసుకుందామనుకున్న అమ్మాయి కూడా అక్కడే ఉంది. ఫక్కున నవ్వింది. ఆ ముచ్చట అక్కడితో సరి.

ఆ రోజు పదింటికి వచ్చిన స్లైడు మీద బావ పేరుంది. వారం నుంచి నీరసం, తొడల మీద కమిలిన మచ్చలు. మైక్రోస్కోపు సరిచేసుకోగానే అతని వేళ్ళు ఆగిపోయాయి. ఎదగని తెల్లకణాలు, వాటి నిండా సూదుల కట్టల్లాంటి పుల్లలు. రక్తపు కేన్సర్లలో ఈ రకం లోలోపలే రక్తం కార్చి గంటల్లో మనిషిని తీసుకుపోతుంది. ఆ పూటే మందు మొదలుపెడితే చాలామంది లేచి తిరుగుతారు. అందుకే ఆ గదిలో ఒక నియమం: పుల్లలు కనబడితే రిపోర్టు రాయకముందే డాక్టరుకి ఫోను.

చెయ్యి చాపేలోగా ఫోనే మోగింది.

"ఏరా దోమా, నా రక్తం రుచెలా ఉంది?"

"చూస్తున్నా బావా."

"తీరిగ్గా తాగు. నాది తీపి, నీకు షుగరొస్తుంది జాగ్రత్త!"

వెనక నవ్వు వినిపించింది. అక్కది.

అతను స్లైడు తీసి ట్రే అడుగున పెట్టాడు. భోజనం దాకానే, అనుకున్నాడు. తీరిగ్గా చూడమన్నది ఆయనే కదా. మిగతా ఇరవైమూడూ చూశాడు, ఎన్నడూ లేనంత శ్రద్ధగా. క్యారియర్ విప్పితే అన్నం హాయిగా దిగింది. రేపు బావ మంచం మీద ఉంటాడు, తను పక్కన నిలబడి ఉంటాడు. అప్పుడేమని పిలుస్తాడు? ఆ గొంతుని రకరకాలుగా ఊహించుకుంటూ చేతులు కడుక్కున్నాడు.

మూడున్నరకి ఫోను చేశాడు.

"ఎప్పుడు చూశారు?" అన్నాడు డాక్టరు.

"ఇప్పుడే."

అంబులెన్సు వెళ్ళేసరికి బావ స్నానాలగదిలో పడి ఉన్నాడు. మెదడులో రక్తం కారి, ప్రాణం అప్పటికే పోయింది.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో అక్క అతని రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"డాక్టరు వేరే ల్యాబుకి రాశాడురా. మీ బావే ఒప్పుకోలేదు. 'మన దోమకే పంపు, వాడి కన్ను తప్పదు' అన్నాడు. పొద్దున్నించీ ఆయనకి భయంతో ఒకటే వణుకు. నీతో మాట్లాడి నవ్వాకే తగ్గింది. ఆయన నవ్వాడని నేనూ నవ్వాను. 'వాడు చూస్తున్నాడు, ఇక భయం లేదు' అని పడుకున్నాడు."

అతను ఆమె వేళ్ళ వంక చూశాడు.

"చూసిన నిమిషంలోనే ఫోను చేశావటగా. డాక్టరు చెప్పాడు. నువ్వు మాత్రం ఇంకేం చేస్తావు, తమ్ముడూ!"

తల ఊపడం ఇంత సులువని అతనికి తెలియదు.

"అవునక్కా," అన్నాడు. "చూసిన నిమిషంలోనే."