ముప్పై తొమ్మిదో తరం

పన్నెండు చాయ్‌లు కావాలని పౌలు వసారాలోంచి కేకేసేసరికి రెబెక్క ముందు తెల్లటి గాజు పలక మీద నలభై ఈగలు మత్తులో పడి ఉన్నాయి. ఆ ఈథర్ మత్తు నాలుగైదు నిమిషాలకన్నా నిలవదు. ఆలోపల ఒక్కొక్కదాన్ని సన్నటి కుంచెతో తిప్పి, మైక్రోస్కోపు కింద దాని పక్కల మీది వెంట్రుకలు లెక్కపెట్టి, ఆడవాటిని ఒక సీసాలో, మగవాటిని ఇంకో సీసాలో వెయ్యాలి. ఆమె పదిహేడోదాని దగ్గరుంది.

"ఒస్తున్న," అంది తలెత్తకుండా.

"ఎప్పుడొస్తవ్? మంది కూసున్నరు," అంటూ అత్త అన్నమ్మ గడపలో నిలబడింది. "ముందు పొయ్యి కాడికి పో. నీ ఈగలేడికి పోతయ్?"

రెబెక్క మిగిలిన వాటి మీద గిన్నె బోర్లించి వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు మరిగి, పాలు పొంగి, గ్లాసులు పంచి, ఖాళీవి ఏరుకుని తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది. గిన్నె ఎత్తగానే లోపలివన్నీ లేచి కిటికీ వెలుతురుకేసి పోయాయి. నోటుబుక్కులో నలభై అని రాసుకున్న అంకెను కొట్టేసి పదహారు అని రాసింది. పదహారింటి మీద కట్టిన సగటుకు విలువెంతో ఆమెకు తెలుసు.

అది 1969 జూన్. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళది రెండు గదుల కిరాయి ఇల్లు. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న చోట అప్పుడు జొన్నచేలుండేవి. ఇంటి వెనక నిలబడితే మన్సూరాబాద్ వైపు మట్టిబాట, బాట మీద ఒకటో రెండో ఎడ్లబండ్లు, అంతే. పౌలు సర్కారు దఫ్తరులో గుమస్తా. ప్రత్యేక తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలోకి దిగాక అతని దఫ్తరు ఈ వసారాలోకి వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి మొదలయ్యే మంది దీపాలు పెట్టే వేళదాకా వస్తూ పోతూ ఉండేవారు.

రెబెక్క నల్లగొండ పక్క ఊళ్ళో మిషన్ బడి పంతులు దేవానందం కూతురు. బి.ఎస్సీ. పాసయిన ఏడే పెళ్ళయింది. ఎం.ఎస్సీ. చదువుతానంటే పౌలు కాదనలేదు. ఆ కాదనకపోవడం ఆరేళ్ళుగా ఆమె మోస్తున్న బరువు. చర్చి నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎవరు పలకరించినా, "మా ఆవిడను డాక్టరేట్ చదివిపిస్తున్న," అనేవాడు. "ఎంత మంచి మొగడు దొరికిండమ్మా నీకు," అనేవారు వాళ్ళు. తెల్లవారుజామున లేచి వంట చేసి, అత్తకు నీళ్ళు తోడి, రెండు బస్సులు మారి యూనివర్సిటీకి చేరి, అక్కడ పగలంతా కళ్ళు పోగొట్టుకుని, వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించే మనిషి ఆ మాటల్లో ఎక్కడా ఉండేది కాదు. చదివేది ఆమె. చదివించినవాడికి పేరు.

ఆమె పరిశోధన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగల మీద. మామూలు ఈగకు రెండు పక్కలా కలిపి పద్దెనిమిది వెంట్రుకలుంటాయి. ప్రతి తరంలోనూ ఎక్కువ వెంట్రుకలున్న జంటలను ఏరి, వాటి పిల్లల్లో మళ్ళీ ఎక్కువున్న వాటిని ఏరి, ఆ గుణం ఎంతదాకా పెరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడాలి. పధ్నాలుగు రోజులకొక తరం. తరానికి సగటు ఎంత, ఆ సగటు చుట్టూ చెదురు ఎంత, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగింది ఎంత. ఇవన్నీ చేత్తో తిప్పే లెక్కల మిషను మీద ఆమె కట్టుకుంటూ వచ్చింది. పురుగు ఈగగా మారే గూటిలోంచి బయటికి వచ్చిన ఎనిమిది గంటల్లోపు ఆడ ఈగను వేరు చెయ్యాలి, లేదంటే అది ఎవరితో కలిసిందో తెలియదు, ఆ తరం పాడవుతుంది. అందుకని పండగైనా, జ్వరమైనా రోజుకు మూడుసార్లు సీసాలు చూడాల్సిందే.

మార్చిలో ఉద్యమం వల్ల యూనివర్సిటీ మూసేసిన రోజున ఆమె ముప్పై రెండో తరంలో ఉంది. సగటు ఇరవై తొమ్మిదికి ఎక్కింది. గైడు వెంకటేశ్వరరావుగారు గుంటూరు మనిషి. పిల్లల్ని తీసుకుని ఊరికి వెళ్ళిపోతూ ఆమెను పిలిచారు. "గేటు ఎప్పుడు తెరుస్తారో తెలీదమ్మా. ఇక్కడుంటే ఇవి చచ్చిపోతాయి. మీ ఇంటికి తీసుకెళ్ళగలరా?" అన్నారు. నలభై ఎనిమిది సీసాలు, ఒక పాత మైక్రోస్కోపు. వాచ్‌మన్ బక్కయ్య రెండు చెక్కపెట్టెల్లో గడ్డి వేసి సర్ది రిక్షా ఎక్కించాడు. అంబర్‌పేట మీదుగా వచ్చినంత దూరం ఆమె ఆ పెట్టెలను మోకాళ్ళతో అదిమిపట్టుకుని కూర్చుంది.

ఆమెకు తెలంగాణ వద్దని కాదు. రెండేళ్ళ కింద ఒక కాలేజీలో ఆమెకు రావాల్సిన డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం, ఇక్కడివాడినేనని దొంగ ముల్కీ సర్టిఫికెట్ పట్టుకొచ్చిన మరొకరికి పోయింది. ఆ సంగతి పౌలు ప్రతి సభలోనూ చెప్పేవాడు. అందరూ ఆమెకేసి చూసి తలలూపేవారు. ఆ ఉద్యోగం పోయిందని గుర్తున్నవాళ్ళకు, ఆమె చేతిలో ఇప్పుడున్న పని ఏదో గుర్తుండేది కాదు.

"ఆంధ్ర సారు పెట్టె బేడ సర్దుకోని పాయె. నువ్వు ఆయన ఈగలకు చాకిరి చెయ్యవడ్తివి," అన్నాడు పౌలు మొదటి వారమే.

"ఆయనవి గావు. నావి," అంది రెబెక్క.

అన్నమ్మకు ఈగల కన్నా ఈగల తిండి మీద కోపం. మక్కపిండి, బెల్లం ఉడికించి సీసాల్లో పోస్తుంటే చూస్తూ నిలబడేది. "గీ సీసాలల్ల పదిహేను దినాలకోపారి పుడుతున్నయ్. ఆరేండ్లాయె, నా ఇంట్ల ఒక్క ఏడుపు ఇనవడలె," అంది ఒకరోజు పాలు పోసే ఆమెతో, కోడలికి వినబడేంత మెల్లగా. ఆదివారం కుటుంబ ప్రార్థనలో మోకరించి, "ప్రభువా, నా కోడలి మనసు పురుగుల మీదికెల్లి సంసారం మీదికి మలుపు," అని పైకే అడిగింది. పౌలు ఆమెన్ అన్నాడు. రెబెక్క కళ్ళు మూసుకుని, ఇంకో గంటలో తియ్యాల్సిన ఆడ ఈగల గురించి ఆలోచించింది. ఆ ఆలోచనకు తర్వాత చాలాసేపు సిగ్గుపడింది కూడా.

మే నెల ఒక యుద్ధం. వేడి ముప్పై డిగ్రీలు దాటితే మగ ఈగలు గొడ్డుపోతాయి. బయట నలభై రెండు. వెనక గదిలో కింద ఇసుక పరిచి, నీళ్ళు చల్లి, మట్టికుండలు పడుకోబెట్టి, వాటిలో సీసాలు పెట్టి, పైన తడి గోనెసంచులు కప్పింది. గంటకోసారి సంచులు తడపాలి. నీళ్ళు బావి నుంచి. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని రోజున ఎడమ చేత్తో తోడింది. జూన్ తొలివానకు గాలి చల్లబడ్డాక లెక్కపెడితే నలభై ఎనిమిదిలో నలభై ఒక్క సీసా బతికి ఉంది. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. పౌలుకు చెప్పింది. "మంచిది," అని అతను చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

తర్వాత సమ్మె వచ్చింది, మంది వచ్చారు. ఒకరోజు పౌలు దఫ్తరు దోస్తు అంతయ్య చాయ్ గ్లాసులో ఈగ పడింది. అతను దాన్ని వేలితో తీసి, "వదినె ఈగలు గూడ జై తెలంగాణ అనుకుంట వసారలకొచ్చినయ్," అన్నాడు. అందరూ నవ్వారు. అంతయ్య మంచివాడే, ఎగతాళి చెయ్యాలని అనలేదు. పౌలు మాత్రం అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు. ఆ నవ్వులో ఏదో గరుకు ఉన్నట్టు రెబెక్కకు తోచింది గాని, గ్లాసులు కడిగే హడావిడిలో పట్టించుకోలేదు.

మర్నాడు ఈథర్ అయిపోయింది. ఊరంతా బంద్, బస్సుల్లేవు. పొద్దున సీసాలు చూసుకుని, వంట చేసిపెట్టి, యూనివర్సిటీకి నడిచి వెళ్ళింది. బక్కయ్య స్టోరు తాళం తీసి ఈథర్ సీసా, దూది ఇచ్చాడు. "జర పక్క గల్లీల నుంచి పో అమ్మా, సడక్ మీద పోలీసోల్లున్నరు," అన్నాడు. ఆమె ఇల్లు చేరేసరికి నాలుగయింది.

వాకిట్లోనే వాసన తగిలింది. కిరసనాయిలు లాంటి, ముక్కు మండించే వాసన. వెనక గది తలుపు బార్లా తీసి ఉంది. పురుగుల మందు కొట్టే ఫ్లిట్ పంపు కిటికీలో ఉంది. గోనెసంచులు ఒక మూలకు నెట్టేసి ఉన్నాయి. నలభై ఒక్క సీసాల మూతి దూది తీసి, ఏ సీసాది ఆ సీసా పక్కన వరసగా పెట్టి ఉంది. సీసాల అడుగున ఈగలు మాడిన నువ్వుల్లా పడి ఉన్నాయి. కొన్ని ఇంకా కాళ్ళు ఆడిస్తున్నాయి.

ఆమె వసారాలోకి వచ్చింది. పౌలు పత్రిక చదువుతున్నాడు.

"దూది ఎవరు తీసిన్రు?"

"రేపు నల్లగొండ కెల్లి పెద్దమనుషులు ఒస్తున్నరు. ఈగల నడుమ కూసోవెట్టుమంటవా వాళ్ళను?"

"బయట తిరిగేటియి చంపుకోవచ్చు. దూది ఎవరు తీసిన్రు?"

అతను పత్రిక మడిచాడు. "పిల్లలు తుపాకులకు ఎదురు పోయి పానాలు ఇస్తున్నరు. గా తల్లులు ఏడ్వాలె. నీకు ఈగల ఏడుపొచ్చిందా?"

చనిపోయిన పిల్లలు నిజం. ఆ తల్లులు నిజం. వాళ్ళ పక్కన నిలబెట్టి చూపగలిగిన దుఃఖం కాదు తనది. అది అతనికీ తెలుసు, అందుకే ఆ మాట అన్నాడు. పత్రికలో ఉన్న చావులను తెచ్చి తను చేసినదానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంత తేలిగ్గా, చేతులు కూడా కడుక్కోకుండా. ఇదంతా ఆమెకు ఆ క్షణంలో తోచలేదు. ఆ క్షణంలో లోపలికి వెళ్ళి బియ్యం కడిగింది. రెండు రోజుల తర్వాత బట్టలు పిండుతుంటే తోచింది, ఆ తడి చీరను పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

సీసాల గోడలకు అంటుకుని ఇంకా పొదగని గూళ్ళు కొన్ని ఉన్నాయి. వాటిలోకి మందు దిగలేదేమోనని వేరే సీసాలోకి మార్చి, రోజుకు మూడుసార్లు చూసింది. నాలుగో రోజుకు మూడు ఈగలు బయటికి వచ్చాయి. వెంట్రుకలు లెక్కపెట్టింది. ముప్పై, ముప్పై రెండు, ముప్పై ఒకటి. మూడూ ఆడవే. ఇంకో వారం ఆగింది. మగది ఒక్కటీ రాలేదు. ఆ మూడూ గుడ్లు పెడుతూ వచ్చాయి, ఏదీ పొదగలేదు. నెల తిరిగేలోపు ఒకటొకటిగా చనిపోయాయి. ముప్పై తొమ్మిదో తరం అని నోటుబుక్కులో రాసి, మిగతా గళ్ళు ఖాళీగా వదిలేసింది.

సమ్మె విరమించాక ఒక ఆదివారం వసారాలో అందరూ కూడారు. ఎవరెవరు ఏమేం పోగొట్టుకున్నారో చెప్పుకుంటున్నారు. ఒకరికి లాఠీ దెబ్బలు, ఒకరికి జైలు. రెబెక్క గ్లాసులు పంచుతుండగా పౌలు లేచాడు.

"నా సంగతి ఇడువుండ్రి. నా భార్య ఏడాదిన్నర రిసర్చి. తెలంగాణకు అర్పించింది. ఒక్క మాట అనలే," అన్నాడు. గొంతు నిజంగానే వణికింది. ఈ నెల రోజుల్లో అతను దాన్ని అలాగే నమ్మడం మొదలుపెట్టాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

చప్పట్లు కొట్టారు. అంతయ్య చేతులు జోడించి, "వదినె, నీ త్యాగం ఊరికే పోదు," అన్నాడు.

రెబెక్క పళ్ళెం కింద పెట్టింది.

"నేను ఇయ్యలేదన్నా," అంది. గొంతు పెంచలేదు. "నేను ఇంట్ల లేనప్పుడు ఈయన సీసాల మూతులు తీసి ఫ్లిట్ కొట్టిన్రు. నన్ను అడగలే. అడిగితే ఇయ్యకపోదును."

అంతయ్య జోడించిన చేతులు మెల్లగా విడిపోయాయి. కొద్దిసేపటికి ఒకరొకరే లేచి చెప్పులు వెతుక్కున్నారు.

ఆ తర్వాత పౌలు ఆమెతో మాట్లాడింది ఒక్కసారే. "పదిమందిల నా ఇజ్జత్ తీసినవ్," అన్నాడు. అన్నమ్మ మాత్రం రోజూ మాట్లాడేది. చదివిపిస్తే ఇట్లనే అయితదని, వద్దన్నా వినకపోతివి కొడుకా అని. రెబెక్క వండింది, ఉతికింది, నీళ్ళు తోడింది. చెయ్యడం మానెయ్యలేదు. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. ఇంట్లో మనుషులు ఆమె పక్కనుంచి గోడ పక్కనుంచి పోయినట్టు పోయేవారు.

చలికాలంలో యూనివర్సిటీ తెరిచారు. వెంకటేశ్వరరావుగారు తిరిగొచ్చి, నోటుబుక్కు చివరి పేజీ చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "గడువు పెంచమని రాయండమ్మా. కారణం అల్లర్లని పెట్టండి, అందరూ అదే పెడుతున్నారు. మైసూరు నుంచి కొత్త ఈగలు తెప్పిస్తాను. కానీ ఒకటో తరం నుంచి మొదలెట్టాలి. పెళ్ళయినవాళ్ళు, ఆలోచించుకోండి. మానేసినా ఎవరూ తప్పు పట్టరు."

ఆమె కాగితం తీసుకుని కారణం దగ్గర అల్లర్లు అని రాసింది. అబద్ధమని తెలిసే రాసింది, ఆ గడువు ఆమెకు కావాలి. తర్వాత నోటుబుక్కు తెరిచి, ఖాళీగా వదిలిన గడిలో తేదీ వేసి, జరిగింది జరిగినట్టు, చేసినవారి పేరుతో సహా రాసింది. ఆ పక్కన సంతకం చేసింది. అక్కణ్ణుంచి లేడీస్ హాస్టల్ ఆఫీసుకు వెళ్ళింది.

మైసూరు పెట్టె వచ్చిన రోజు పొద్దున ఆమె ట్రంకులో నాలుగు చీరలు, బైబిలు, పుస్తకాలు సర్దుకుంది. అన్నమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. పౌలు దఫ్తరుకు బయల్దేరినవాడు వాకిట్లో ఆగాడు. ట్రంకును చూశాడు. ఐదు నెలల తర్వాత నోరు తెరిచాడు.

"ఎన్ని దినాలు?"

"పని అయినదాంక. రెండేండ్లు పట్టొచ్చు."

"అటెన్క?"

ఆరేళ్ళలో అతను అడిగిన ప్రతిదానికీ ఆమె దగ్గర అతనికి నచ్చే జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు లోపలంతా వెతికి చూసుకుంది.

"తెల్వది," అంది రెబెక్క, ట్రంకు ఎత్తుకుంటూ.