నీకూ మిగిల్చాం

మూకుడు అడుగున అంటుకున్న కూరను గరిటెతో గీకుతుంటే హాల్లోంచి మొగుడి గొంతు వినిపించింది.

"నీకూ మిగిల్చాంగా, చూశావా?"

చూసింది. రెండు ముక్కలు, బోలెడంత నూనె. అడక్కుండానే ఇంత ప్రేమ ఒలకబోసే మనిషికి థాంక్స్ చెప్పాలో, గరిటె విసరాలో తేల్చుకోలేక ఎప్పట్లాగే వంటింటి గట్టు దగ్గర నిలబడి తినేసింది. ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని అత్తగారు ఇంకో ముక్కని చిగుళ్ళ మధ్య నానబెడుతున్నారు. ఆవిడ తినేదీ మామగారూ, కొడుకూ తిని లేచాకే. ఇంటికి ఎవరొచ్చినా మొగుడు మాత్రం, "మా ఇంట్లో అన్నీ పంచుకుంటామండీ" అంటాడు. నిజమే. వండటం ఆమె వంతు, తినడం ఆయన వంతు. ఇంతకన్నా సమంగా పంచడం లెక్కల మాస్టారి వల్ల కూడా కాదు.

బయట ఆమె పేరు సూదులక్క. మార్కెట్ వెనక సందులో రెండు గదుల కేంద్రం ఆమెది. మత్తుమందు సూదితో ఎక్కించుకునేవాళ్ళు వాడేసిన సూదులు తెచ్చి పసుపు రంగు డబ్బాలో వేస్తే, వాళ్ళకి కొత్తవి ఇస్తుంది. ఒకరి రక్తం అంటిన సూది ఇంకొకరి ఒంట్లోకి దిగితే హెచ్ఐవీ కూడా దిగొచ్చు, అందుకని. మానెయ్యమని ఎవర్నీ దబాయించదు. మానేసే రోజు వచ్చేదాకా ప్రాణం ఉండాలి కదా అంటుందంతే. ఇంట్లో మాత్రం ఈ ఉద్యోగం పేరు "హెల్త్‌లో ఏదో". అత్తగారు ఒకసారి అడిగేశారు కూడా. "ఆ చేతులతోనే వంట చేస్తావా?" పోనీ మీ అబ్బాయి చేతులతో చేయిద్దామా అనబోయి నాలిక కరుచుకుంది.

కేంద్రానికి ఆడవాళ్ళు రావడం తక్కువ. వచ్చేవాళ్ళలో పిచ్చుక ఒకతి. మనిషి పిడికెడు, గొంతు గదంత. తనకీ మొగుడికీ కలిపి సూదులు పట్టుకెళ్తుంది. పట్టుకెళ్ళేటప్పుడల్లా సూదులక్క అడుగుతుంది, "ఎవరితోనూ పంచుకోవట్లేదు కదా?" అని. "ఛఛ, నేనలాంటిదానిలా కనిపిస్తున్నానా?" అని పిచ్చుక మూతి తిప్పుతుంది. ఇద్దరూ నవ్వుకుంటారు.

ఆ రోజు పిచ్చుక సంచీ విదిలించి, "ఈసారి కొత్తవి వద్దక్కా, పోయినసారివే మిగిలిపోయాయి" అంది.

"ఇద్దరున్నారుగా, ఎలా మిగిలాయి?"

"ఇద్దరికీ ఒకటి చాలదా?"

సూదులక్క చేతిలో ప్యాకెట్టు చేతిలోనే ఉండిపోయింది. "మరి పంచుకోవట్లేదన్నావు?"

పిచ్చుక నిజంగానే బిత్తరపోయింది. "మొగుడితో పంచుకోవడమేంటక్కా? పంచుకోవడమంటే బయటివాళ్ళతో కదా. ఆయనది నాది కాదా?"

ఇన్నాళ్ళూ అడిగిన ప్రశ్నే తప్పు. గోడ మీద పోస్టరులో ఉన్న మాట, ట్రైనింగ్‌లో బట్టీ పట్టించిన మాట, ఆ పిల్ల చెవికి వేరే అర్థంలో చేరింది. సూదులక్కకి ముందు తన మీద కోపం వచ్చింది. పంచుకోవడమనే ఆ మాటని తన ఇంట్లోనూ వింటూనే ఉంది కదా. దాని లోపల ఏముంటుందో తనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"నాకు నరం దొరకదక్కా, ఆయనే ఎక్కిస్తాడు" అని పిచ్చుక చెప్పుకుపోయింది. "ముందు ఆయన. ఆయన అయ్యాక అందులోనే సగం నాకు మిగులుస్తాడు. మిగతావాళ్ళ మొగుళ్ళు చుక్క మిగల్చరు, తెలుసా?" అంటున్నప్పుడు దాని ముఖం వెలిగిపోయింది.

ఆ వెలుగు ఆర్పడానికి సూదులక్కకి మనసొప్పలేదు. పక్కన కూర్చుని, "పరీక్ష చేద్దామా?" అని మాత్రం అడిగింది. వేలి కొసన ఒక చుక్క రక్తం తీసి కిట్‌లో వేసింది. ఫలితం కోసం చూస్తుంటే పిచ్చుక గదంత గొంతు గుసగుసైపోయింది. "అక్కా, నీ చెయ్యి పట్టుకోనా? మీ ఇంట్లో ఏమన్నా అంటారా?"

"అంటారు. పట్టుకో."

ఒక్క గీతే వచ్చింది. "ప్రస్తుతానికి లేదు" అంది సూదులక్క ఊపిరి వదిలి. "కానీ ఈ మధ్యే అంటుకుని ఉంటే ఇందులో ఇంకా కనపడదు. మూడు నెలలకి మళ్ళీ చూద్దాం. ఈలోపు 'ఆయన అయ్యాక' అన్న మాట వద్దు. ఎవరూ ఎక్కించుకోకముందే, రెండు కొత్త సూదుల్లోకి విడివిడిగా తీయాలి. నీది నీ సూదిలో ముందే ఉండాలి. మిగల్చడం వేరు, తీసిపెట్టడం వేరు."

పిచ్చుక గోరు కొరుక్కుంది. "నాది ముందే తియ్యి అనాలా? సిగ్గక్కా. ఆయనేమనుకుంటాడు? నువ్వైతే మీ ఆయన్ని అడుగుతావా అలా?"

సూదులక్క రెండు ప్యాకెట్లు దాని సంచీలో పెట్టి పంపింది.

సాయంత్రం కూర దించాక ఎవర్నీ పిలవలేదు. ఒక గిన్నె తీసుకుని, మంచి ముక్కలు చూసి వేసుకుని, మూత పెట్టింది. హాలు వైపు ఓ కన్నేసి ఉంచింది కూడా. దొంగతనం చేస్తున్నట్టు, సొంత వంటింట్లో! స్టూలు మీంచి అత్తగారు చూడనే చూశారు.

"ఎవరికమ్మాయ్ అది?"

"నాకు."

"వాళ్ళకి చాలొద్దూ?"

"చాలకపోతే ఇన్నాళ్ళూ మనకి చాలినట్టే వాళ్ళకీ చాలుతుంది లెండి."

ఆవిడ హాలు వైపు చూశారు. టీవీలో ఎవరో గోల్ కొట్టినట్టున్నారు, మొగాళ్ళిద్దరూ అరుస్తున్నారు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి, అరలోంచి ఇంకో గిన్నె తీసి గట్టు మీద పెట్టారు.

"నాదీ తీసెయ్. కాస్త మెత్తటి ముక్కలు చూసి."

తర్వాతి వారం పిచ్చుక గుమ్మంలోంచే అరిచింది. "అక్కా, అడిగావా?"

"అడగలేదు. ముందే తీసేసుకున్నా."

పిచ్చుక పకపకా నవ్వింది. పసుపు రంగు డబ్బా దగ్గరికెళ్ళి సంచీ తెరిచి, మూతలున్న సూదులు ఒక్కొక్కటే వేసింది. కొన్నింటికి ఎర్ర దారం చుట్టి ఉంది.

"ఇది ఆయనది" అంటూ వేసింది. దారమున్నదాన్ని కాసేపు చూసి, "ఇది నాది" అంటూ వేసింది.

సంచీ తిరగేసి దులిపింది. ఏమీ మిగల్లేదు.