స్వచ్ఛంద సేవకురాలు

ముప్పై ఆరు మేజోళ్ళకు జతలు కలుపుతుండగా మా ఆయన ప్లామెన్ వచ్చి, వంటగది బల్ల మీద ఒక కాగితం పెట్టి, "సంతకం పెట్టు" అన్నాడు.

ప్లామెన్ మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షుడు. పదిహేడేళ్ళుగా జట్టు బట్టలు ఉతికేది నేను. "చాకలి మనిషి మానేసింది, ఈ ఒక్క వారం సర్దుకో" అన్నాడు మొదట్లో. ఆ వారం ఇంకా అవలేదు. ఒకసారి మోచెయ్యి వాచి డాక్టరు దగ్గరికి వెళ్తే, "ఏం పని చేస్తారు?" అని అడిగింది. "ఇంట్లోనే ఉంటానండీ" అన్నాను. ఇంట్లో ఉండే మనిషికి మోచెయ్యి ఎందుకు వాస్తుందని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. క్లబ్బు డెబ్బై ఏళ్ళ పండుగనాడు ప్లామెన్ వేదిక మీద పేరుపేరునా అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు, మైదానంలో గడ్డి కోసే అతనికి కూడా. నా వంతు వచ్చేసరికి "మా ఆవిడ స్నెజానా, పాపం నన్ను భరించింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ ఏడాది లీగ్ వాళ్ళు కొత్త నియమం పెట్టారు. క్లబ్బు రాబడిలో నూటికి డెబ్బైకి మించి జీతాలకు పోకూడదు. పనిచేసే ప్రతి మనిషికీ జీతం ఒప్పందమైనా ఉండాలి, జీతం అక్కర్లేదన్న పత్రమైనా ఉండాలి. లేకపోతే ఆడటానికి లైసెన్సు ఇవ్వరు.

"నీకు జీతం రాస్తే హద్దు దాటిపోతాం. వార్నా నుంచి రావాల్సిన ఫార్వర్డు చేజారిపోతాడు. అయినా ఇంటి మనిషివి, నీకెందుకు జీతం?" అన్నాడు ప్లామెన్.

కాల్చిన తీపి మిరపకాయల తోలు ఒలుస్తున్న మా అత్తగారు త్స్వెతాంకా అందుకుంది. "మొగుడి చొక్కా ఉతికితే ఎవరైనా జీతమిస్తారటే?"

"మొగుడి చొక్కా ఒకటే అత్తయ్యా. ఇవి పద్దెనిమిది."

జట్టు పొరుగూరికి వెళ్ళినప్పుడల్లా పాతికమందికి బానిత్సా, అదే జున్ను పొరల రొట్టె, చేసి పంపేది ఆవిడే. అది కూడా ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

కాగితం పైకే చదివాను. "ఈ పని నా ఇష్టంతో, జీతం ఆశించకుండా చేస్తున్నాను. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు, కారణం చెప్పకుండా మానుకునే హక్కు నాకుంది."

"ఇది నిజమేనా?" అన్నాను.

"ఏది?"

"మానుకోవచ్చన్నది."

"అందరి కాగితాల్లోనూ అదే ఉంటుంది. నువ్వు కింద సంతకం గీకు, చాలు."

పదిహేడేళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ నాతో అనని మాట, నాకు నేనైనా చెప్పుకోని మాట, రాజధాని సోఫియాలో, లీగ్ ఆఫీసులో కూర్చున్న ఎవరో గుమాస్తా రాసిపెట్టాడు. నా మొహం కూడా చూడకుండా రాశాడు. సంతకం పెట్టి తేదీ వేశాను.

"ఇవాళ్టితో మానేస్తున్నాను."

"ఏమిటి?"

"ఉతకడం. కారణం చెప్పక్కర్లేదని రాసుంది."

ప్లామెన్ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. "శనివారం మ్యాచుంది స్నెజానా! వేరే మనిషిని పెడితే జీతమివ్వాలి. ఆ జీతం లెక్కలోకి వస్తుంది. అప్పుడా ఫార్వర్డు..." అంటూ తనే నోరు మూసుకున్నాడు. నా పనికి ఒక విలువ ఉందని అతని నోట వినడం అదే మొదటిసారి.

మా అత్తగారు మిరపకాయల గిన్నె పక్కకు జరిపి చేతులు తుడుచుకుంది. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను.

"అమ్మాయ్," అంది, "ఆ రెండో వాక్యం ఇంకోసారి చదువు. నెమ్మదిగా."