వెంట వచ్చిన గోధుమచేను

కోడి కూయగానే సుయున్ పెంట బకెట్ల కావడి భుజానికెత్తుకుని చేనికి బయల్దేరేది. ఆమె కనబడితే గోధుమచేను కాస్త ముందుకు జరిగేది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు చేను కాలవ అవతల ఉండేది, ఆరేళ్లలో కాలవ దాటి సమాధుల గట్టు దాకా వచ్చేసింది.

"నీ చేను మా దారిలో కాళ్లు చాపుకుందే తల్లీ, కాస్త అదిలించు!" అని పక్కింటి ముసలాయన నవ్వేవాడు.

భర్త జ్వరంతో పోయి ఏడాది. పిల్లల్లేరు. ఆ వసంతంలో బావగారు బావోషాన్ తన మేనమామ ఫాంగ్‌ని పెద్దమనిషిగా కూచోబెట్టి చేను తన పేర రాయించుకున్నాడు. హద్దులు: తూర్పున కాలవ, పడమర సమాధులు. చేను నడుస్తుందని ఊరంతటికీ తెలుసు, రాసేటప్పుడు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు. కాగితం చూస్తే మనుషుల మతి అంతే మరి.

ఆ వెంటనే పెళ్లిళ్ల పేరమ్మ దిగింది. "కొండవతల తోఫూ అమ్ముకునే ఆయన. వయసు మరీ ఎక్కువేం కాదు, పళ్లు కూడా ఉన్నాయి."

"నాకు వెళ్లాలని లేదు బావగారూ," అంది సుయున్. "పోనీ, కోతల దాకా అయినా ఉండనివ్వండి."

"కోతలు మేం చూసుకుంటాంలే. కొడుకులేని దానివి, ఎన్నాళ్లని కూచోబెట్టి పెట్టను?"

కూచోబెట్టి పెట్టాడట! సుయున్ కావడి భుజానికెత్తుకుని చేనికి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, వితంతువు కాబట్టి, ఆమెను పెరటి తలుపు గుండా తీసుకెళ్లి బండెక్కించారు. ఊరు దాటీ దాటకముందే కంచరగాడిద ఆగిపోయింది. దారికి అడ్డంగా గోధుమచేను. బండివాడు ఎడమకు తిప్పాడు, అక్కడా చేనే. వెనక్కి తిప్పాడు. పచ్చటి కంకులు ఎండలో నెమ్మదిగా ఊగుతూ చక్రాల దాకా వచ్చి ఆగాయి.

"తోలవయ్యా, గడ్డేగా!" అంది పేరమ్మ.

"గడ్డా? పాలుపోసుకున్న కంకి మీద చక్రం ఎక్కిస్తే రేపు నా ఇంట్లో పొయ్యి వెలుగుతుందా? నేను తోలను."

సుయున్ బండి దిగింది. కంకుల్ని అరచేత్తో నిమిరి, "ఇంత దూరం నడిచొచ్చావా, పిచ్చిదానా," అంది. భర్త పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.

బావోషాన్ కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు, వెనకే రొప్పుతూ మేనమామ. కాలవకీ సమాధులకీ నడుమ ఇప్పుడు మొలకన్నది లేదు, ఉత్త మట్టే.

"నువ్వే చెప్పు మామయ్యా! చేను అక్కడుందని రాసుందా లేదా?"

"రాసుంది. అక్కడ ఏముందో అది నీదే, పోయి తీసుకో."

"మరి ఇది?"

ఫాంగ్ చేను చుట్టూ ఓసారి చూశాడు. చేను నడుమ సుయున్ అప్పటికే వంగి కలుపు తీస్తోంది.

"దీనికి వేరే కాగితం రాయాలి. నాలుగు హద్దులూ సుయున్ అని రాయి."